ఇంజను మార్చాలా, వద్దా?

పిల్లలూ! ముక్కులేని బండిని మీరు ఎప్పుడైనా చూశారా? మామూలు జీపుకు ముందువైపు పొడుగాటి ముక్కు వుంటుంది. ఇంజను అందులో వుంటుంది. మా యింటి బండికి ఆ ముక్కే లేదు. డ్రైవరు సరిగ్గా ముందు చక్రాల పైన కూచుంటాడు. ఇంజను అతని పక్కనే, ఇనపపెట్టె కింద దాగి వుంటుంది. చలికాలంలో ఆ పెట్టె మీద చెయ్యి పెడితే కుంపటిలాగా వెచ్చగా వుంటుంది. ఎండాకాలంలో ఆ కుంపటే పెద్ద శిక్ష!

ఈ రకం చిన్న ట్రక్కును అమెరికాలో విల్లీస్ జీపు కంపెనీవారు 1956 చివర్లో బయటికి తెచ్చారు. మన దేశంలో మహీంద్రావారు 1965లో తయారు చేయసాగారు. దాని పేరు ఎఫ్.సి.-150. ముక్కు తీసేస్తే ఏమిటి లాభం అంటారా? బండి పొడుగు పెరగకుండానే, వెనక సరుకు వేసే తొట్టి పొడుగవుతుంది. ఇరుకు సందుల్లో తిప్పుకోవటం కూడా తేలిక.

మాది జనగామ. మా బండి 1971లో రిజిస్టరు అయింది. అది మొదట మరొకరిది. మా బాపు దాన్ని వారి దగ్గిర కొని ఇరవై ఏళ్లకు పైగా నడిపాడు. పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు వెళ్లి మిరపకాయల బస్తాలు తెచ్చేవాడు. ఎండాకాలంలో తునికాకు కోత మొదలయితే, పరకాల, రేగొండ దాటి భూపాలపల్లి అడవుల దాకా పోయేవాడు. మా చదువులూ, మా అక్క పెళ్లీ ఆ బండి సంపాదనతోనే జరిగాయి.

తరవాత కొత్త కొత్త ట్రాలీలు వచ్చాయి. మా బండి వేపచెట్టు కింద నిలిచిపోయింది. టైర్లు మట్టిలో దిగబడ్డాయి. తొట్టినిండా ఆకులు రాలి కుళ్లాయి. ఒకనాడు పాత ఇనుము కొనే అతను వచ్చి, కాటావేసి కిలోల లెక్కన డబ్బు యిస్తానన్నాడు.

మా బాపుకు ఎనభై ఏళ్లు దాటాయి. చూపు ఆనదు. ఆయన ఒక్కమాట అన్నాడు: "అమ్మితే అమ్మండి. కాని అమ్మేముందు ఒక్కసారి దాని చప్పుడు నాకు వినిపించండి."

ఆ మాటతో మేము బండి బాగుచేయటానికి పూనుకున్నాము. పూనుకోగానే యింట్లో పేచీ వచ్చింది.

మా అన్న, "ఈ పాత పెట్రోలు ఇంజను తీసేసి, డీజిలు ఇంజను పెట్టిద్దాం," అన్నాడు. ఆయన అన్నదాంట్లో సబబు లేకపోలేదు. ఒకప్పుడు డీజిలు ధర పెట్రోలు ధరకంటె చాలా తక్కువగా వుండేది. పైగా డీజిలు ఇంజను తక్కువ నూనెతో ఎక్కువ దూరం పోతుంది. అందుచేత మన ప్రాంతంలో ఎన్నో పాత జీపులకు అట్లాగే ఇంజన్లు మార్చారు.

షెడ్డు మేస్త్రీ పెద్దవాడు. ఆయన కాసేపు ఆలోచించి, "మార్చటం నాకు చాతనవును. కాని తీసిన ఇంజను తుక్కులోకి పోతే మళ్లీ దొరకదు. ముందు విప్పి చూద్దాం. చూడకుండా తీర్పు చెప్పొద్దు," అన్నాడు.

ఇంకొక సంగతి కూడా వుంది. మన యిష్టం వచ్చినట్టు ఇంజను మార్చటానికి చట్టం ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, రిజిస్ట్రేషను అధికారి అనుమతి తీసుకోవాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం మరొక నియమం తెచ్చింది. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను పురాతన వాహనాలుగా గుర్తించవచ్చు. అయితే ఇంజనూ, ఛాసీ, బాడీ అసలు రూపంలో వుండాలి. మాది సరుకుల బండి గనక మేము ఆ గుర్తింపు కోసం పోలేదు. కాని ఆ నియమం వెనక వున్న ఆలోచన మాకు నచ్చింది.

ఇక పని మొదలయింది. మా అన్న కూతురు ఆరోతరగతి చదువుతున్నది. ఆ పిల్లకు మేస్త్రీ ఒక నోటుపుస్తకం, పది ఖాళీ డబ్బాలు యిచ్చాడు. విప్పిన ప్రతి బోల్టూ ఒక డబ్బాలో పడాలి. డబ్బామీద నంబరు వుండాలి. ఆ నంబరు కింద, అది ఎక్కడిదో పుస్తకంలో రాసి, బొమ్మ వెయ్యాలి. "పానా పట్టటం తరవాత. పెన్సిలు పట్టటం ముందు," అన్నాడాయన.

ఏళ్ల తరబడి కదలని ఇంజనును వెంటనే తిప్పరాదు. లోపలి రింగులు తుప్పుపట్టి సిలిండరుకు అంటుకుపోయి వుంటాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. మేస్త్రీ ప్లగ్గులు తీసి, ఆ కన్నాల్లో కొంచెం నూనె పోసి, వారంరోజులు అట్లాగే వుంచాడు. ఎనిమిదో రోజున హాండిలు పట్టి మెల్లిగా వూపాడు. అటు కొంచెం, యిటు కొంచెం. చివరకు చిన్న మూలుగు వినిపించి, ఇంజను కదిలింది!

తరవాత ఆయన ఒక చక్కని పరీక్ష చేశాడు. ప్లగ్గు కన్నానికి గడియారంలాటి మీటరు బిగించి, ఇంజనును తిప్పితే, లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటున్నదో తెలుస్తుంది. మా ఇంజనులో నొక్కుడు చాలా తక్కువగా వున్నది. గాలి ఎక్కడో జారిపోతున్నదన్న మాట. ఎక్కడ? మేస్త్రీ కన్నంలో ఒక చెంచాడు నూనె పోసి మళ్లీ చూశాడు. మీటరు ముల్లు పైకి లేచింది. "దొంగ దొరికాడు! రింగులు అరిగాయి. నూనె ఆ సందును కాసేపు మూసింది గనక ముల్లు లేచింది. అరిగింది కవాటాలే అయితే, నూనె పోసినా ముల్లు లేవదు," అన్నాడు. చూశారా, ఇంజను విప్పకుండానే జబ్బు తెలిసిపోయింది!

ఇంజను ఎట్లా పనిచేస్తుందో మీకు కొంత చెబుతాను. సిలిండరు అనేది గుండ్రని గొట్టం. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టను దిగేటప్పుడు గాలీ, పెట్రోలు ఆవిరీ లోపలికి వస్తాయి. ఎక్కేటప్పుడు వాటిని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే అవి భగ్గున మండి, పిస్టనును కిందికి నెడతాయి. మళ్లీ ఎక్కేటప్పుడు పిస్టను పొగను బయటికి తోసేస్తుంది. నాలుగు పనులు, అందులో బండిని నడిపేది ఒక్కటే! మిగిలిన మూడూ ఆ ఒక్కదాని కోసం పడే ప్రయాస.

మా బండిలో వున్న ఇంజను పేరు హరికేను. దానికి నాలుగు సిలిండర్లు. అన్నీ కలిసి సుమారు 2,200 ఘన సెంటీమీటర్లు. రెండో ప్రపంచయుద్ధంలో నడిచిన జీపు ఇంజనుది కూడా సరిగ్గా యిదే కొలత. కాని దాని బలం 60 గుర్రాలు, దీని బలం 72 గుర్రాలు. కొలత పెరగకుండా బలం ఎట్లా పెరిగింది? పాత ఇంజనులో గాలి వచ్చే కవాటమూ, పొగ పోయే కవాటమూ రెండూ పక్కనే, దిమ్మెలో వుండేవి. గాలి వంకరదారిన రావలసి వచ్చేది. హరికేనులో పొగ కవాటాన్ని అక్కడే వుంచి, గాలి కవాటాన్ని మాత్రం పైన, తలలోకి మార్చారు. గాలికి తిన్నని దారి ఏర్పడింది. అంటే ఆ తయారీదార్లు కూడా పాతదాన్నే సవరించుకున్నారు. కాని ఏది అడ్డమో తెలుసుకుని, దాన్నే మార్చారు.

తల విప్పి చూస్తే, సిలిండర్ల అడుగుభాగం బాగానే వున్నది. పైభాగం అరిగి వున్నది. మంట పుట్టేది పైన. నొక్కుడు ఎక్కువ పడేదీ పైనే. నూనె సరిగా అందనిదీ అక్కడే. అందుచేత అరుగుదల కూడా అక్కడే ఎక్కువ.

మా పిల్ల పిస్టనును చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. "కాకా, ఇది పైకిపోయి ఆగుతుంది, కిందికొచ్చి ఆగుతుంది. ఆగటం ఎందుకు? ఆగకుండా గిర్రున తిరిగే ఇంజను చేయగూడదా?" అని అడిగింది.

మంచి ప్రశ్న! ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, సెకండుకు 50 చుట్లు. ఒక్కొక్క చుట్టుకు పిస్టను రెండుసార్లు ఆగుతుంది. అంటే సెకండుకు 100 సార్లు ఆగి, వెనక్కు తిరగాలి! ఆ ప్రశ్నే జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ అనే ఆయనకు కూడా తోచింది. ఆయన ఊహించిన ఇంజను ఎన్.ఎస్.యు. అనే కంపెనీలో 1957లో మొదటిసారి తిరిగింది. దాన్ని రోటరీ ఇంజను అంటారు.

అందులో పిస్టను లేదు, కవాటాలు లేవు. నడుము కొంచెం నొక్కిన కోడిగుడ్డులాటి గది వుంటుంది. అందులో అంచులు ఉబ్బిన త్రిభుజం ఒకటి పొర్లుతూ తిరుగుతుంది. త్రిభుజం మూడు కొనలూ ఎప్పుడూ గోడను తాకుతూనే వుంటాయి. అందుచేత గది మూడు అరలవుతుంది. త్రిభుజం తిరిగేకొద్దీ ఒక్కొక్క అర పెరుగుతూ, తరుగుతూ వుంటుంది. పెరిగినప్పుడు గాలి పీల్చటం, తరిగినప్పుడు నొక్కటం, మండటం, పొగ తోయటం. పనులు అవే నాలుగు, కాని మధ్యలో ఆగటం లేదు.

ఇంత తేలికగా వుంటే అందరూ అదే వాడాలి గదా? చిక్కు ఆ మూడు కొనల దగ్గిర వున్నది. కొనల్లో సన్నని పట్టీలు అమర్చాలి. అవి గోడను రాసుకుంటూ పోతూ, గాలి ఒక అరలోంచి మరొక అరలోకి జారకుండా ఆపాలి. జపానులో హిరోషిమా నగరంలోని మాజ్డా కంపెనీ యీ ఇంజను చేయబోతే, ఆ పట్టీలు అదిరి, గోడనిండా గీతలు పెట్టాయి. ఇంజనీర్లు వాటికి "దయ్యపుగోళ్ల గీతలు" అని పేరుపెట్టారు. కెనిచి యమమోటో అనే ఆయన 47 మంది ఇంజనీర్లతో ఆ దయ్యాన్ని పట్టటానికి కూచున్నాడు. ఎన్నో పదార్థాలు పరీక్షించి, చివరకు అల్యూమినియం కలిపిన కార్బను పట్టీలు వాడారు. 1967లో ఆ ఇంజనుతో కాస్మో స్పోర్ట్ అనే కారు వచ్చింది.

చిత్రమేమంటే, మాజ్డావారు రోటరీ ఇంజనును మా బండిలాటి సరుకుల బండిలో కూడా పెట్టారు. ఆ పికప్పును 1974 నుంచి 1977 దాకా అమెరికా, కెనడాలలో అమ్మారు. ఒక్కొక్కటి 654 ఘన సెంటీమీటర్ల చొప్పున రెండు గదులు, మొత్తం 1,308. ఇంజను చిన్నది, పరుగు పెద్దది. కాని అది పెట్రోలు బాగా తాగేది. 1973లో ప్రపంచంలో నూనె కరువు వచ్చి ధర మండిపోయింది. అటువంటి సమయంలో పెట్రోలు తాగే బండిని ఎవరు కొంటారు? ఆ పికప్పుకు కాలం కలిసిరాలేదు.

ఈనాడు ఆ పికప్పులను బాగుచేసే వారికి కూడా మా యింటి పేచీయే వస్తున్నది. కొందరు రోటరీ తీసేసి మామూలు పిస్టను ఇంజను పెట్టుకుంటారు. బండి నడుస్తుంది. కాని దాన్ని వింతబండిగా చేసినది ఏదో అదే పోతుంది. మరికొందరు ఆ ఇంజనునే విప్పి, అరిగిన పట్టీలు మార్చి, మళ్లీ బిగిస్తారు. పిస్టనుకు రింగు ఎట్లాగో, త్రిభుజానికి కొనపట్టీ అట్లాగే. ఎక్కడయినా గాలిని జారనివ్వకుండా ఆపటమే అసలు విద్య. మాజ్డావారు కూడా తమ విద్యను వదిలిపెట్టలేదు. 1991లో ఫ్రాన్సులో 24 గంటలసేపు జరిగే లెమాన్ పందెంలో రోటరీ కారుతో గెలిచారు. 2023లో విద్యుత్తు కారుకు కరెంటు తయారు చేసే చిన్న ఇంజనుగా రోటరీని మళ్లీ తెచ్చారు.

ఈ కథంతా మా బాపు గోడకానుకుని విన్నాడు. విని, "ఎడ్లబండి చక్రానికి ఆకు విరిగితే ఆకు మారుస్తాము. పట్టా వదులయితే పట్టా తీసి మళ్లీ కాల్చి ఎక్కిస్తాము. ఆకు విరిగిందని చక్రమంతా పొయ్యిలో పెట్టము గదా?" అన్నాడు. మా అన్న నవ్వి వూరుకున్నాడు. తీర్పు అయిపోయింది.

సిలిండర్లను వరంగల్లులో లేతు మీద ముప్పావు మిల్లీమీటరు పెద్దవి చేయించి, అంతకు సరిపోయే పిస్టన్లూ, కొత్త రింగులూ వేశాము. రేడియేటరు పైతొట్టి పగిలి వున్నది. అది ఇత్తడిది. జనగామ పక్కనే పెంబర్తి వున్నది గదా! ఇత్తడి రేకును దేవతా విగ్రహాలుగా, తలుపు తాపడాలుగా మలిచే పనివారి వూరు అది. అక్కడి ఒక పెద్దాయన పగులును అతికి, సుత్తితో తట్టి, అతుకు కనపడకుండా చేశాడు.

కొన్ని మాత్రం కావాలనే మార్చాము. ఈ బండి బ్రేకు నూనెతో పనిచేస్తుంది. గొట్టంలో వున్న నూనెను ఒకచోట నొక్కితే, ఆ నొక్కుడు అంతటా సమానంగా పాకుతుంది. ఇది పాస్కల్ సూత్రం, మీ పుస్తకంలో వుంటుంది. పాత బండిలో నాలుగు చక్రాలకూ నూనె దారి ఒక్కటే. ఒకచోట గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి. అందుచేత ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి ఏర్పాటు చేశాము. ఒకటి పోయినా రెండవది ఆపుతుంది. రెండవ మార్పు, పెట్రోలు గొట్టాలు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. అది పాతకాలపు రబ్బరును పాడు చేస్తుంది. దాన్ని తట్టుకునే గొట్టాలు వేశాము. మూడవది, సీటుబెల్టులు. పాతదనం మీద ప్రేమతో ప్రాణం మీదికి తెచ్చుకోగూడదు గదా! తీసిన పాత సామాను పారేయలేదు. చీటీలు కట్టి పెట్టెలో దాచాము. ఏ మార్పు ఎందుకు చేశామో మా పిల్ల పుస్తకంలో తేదీతో సహా రాసింది.

ఇంజను స్టార్టు చేసిన రోజున బాపును కుర్చీలో కూచోబెట్టాము. రెండు దగ్గులు దగ్గి ఇంజను అందుకున్నది. మేమంతా చప్పట్లు కొట్టాము. బాపు మాత్రం చెయ్యెత్తి, "ఆగండి! నాలుగు కొట్టటం లేదు. మూడే కొడుతున్నాయి," అన్నాడు.

మాకు ఏ తేడా వినపడలేదు. మేస్త్రీ రబ్బరు పిడి వున్న పటకారుతో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటే తీసి చూశాడు. పనిచేసే సిలిండరు తీగ తీస్తే ఇంజను చప్పుడు తగ్గాలి. మొదటిది తీస్తే తగ్గింది. రెండవది తీస్తే ఏమీ మారలేదు! ఆ ప్లగ్గు పింగాణి సన్నగా చిట్లి వున్నది. కొత్త ప్లగ్గు వేశాము. బాపు తల వూపి, "ఇప్పుడు బాగున్నది," అన్నాడు. చూపు ఆనని మనిషికి చెవిలో అంత విద్య వున్నదని మా పిల్లకు ఆనాడే తెలిసింది. డీజిలు ఇంజను పెట్టి వుంటే ఆ విద్య బయటపడేదే కాదు.

బండికి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, కాగితాలు తిరిగి తెచ్చుకున్నాము. ఇప్పుడు అది బస్తాలు మొయ్యదు. పొగా, పెట్రోలు ఖర్చూ ఎక్కువ గనక రోజూ తిప్పటం న్యాయం కాదు. ఎక్కడయినా బడిలో సైన్సు ప్రదర్శన జరిగితే తీసుకుపోతాము. మహబూబాబాద్‌లో పిల్లలు ఇంజను పెట్టె మూత ఎత్తి చూడటానికి వరసకట్టారు. భూపాలపల్లిలో, సింగరేణి గనులలో పనిచేసే వారి పిల్లలు చాలామంది వచ్చారు. ఇంజను చప్పుడు విని తప్పు పట్టిన సంగతి నేను చెబుతూంటే, ఒక కుర్రవాడు లేచి, "మా తాత గనిలో పైకప్పును కడ్డీతో తట్టి, చప్పుడును బట్టి బండ గట్టిగా వున్నదో, వదులుగా వున్నదో చెప్పేవాడు," అన్నాడు. అది నిజమే. గనులలో అట్లా తట్టి చూసే అలవాటు ఎప్పటినుంచో వున్నది. మా బాపు ఆ కుర్రవాణ్ణి దగ్గిరికి పిలిచి, ఆ తాత ఏ గనిలో పనిచేశాడో, ఏ కడ్డీ వాడేవాడో అడిగి అడిగి తెలుసుకున్నాడు.

పిల్లలూ, మీ యింట్లో నిలిచిపోయిన గోడగడియారమో, పాత సైకిలో, కుట్టుమిషనో వుండే వుంటుంది. దాన్ని అమ్మేముందు పెద్దవాళ్లను పక్కన కూచోబెట్టుకుని, ఒక నోటుపుస్తకం తెరవండి. దాన్ని ఎవరు వాడారు, ఎట్లా పనిచేస్తుంది, ఎక్కడ ఆగింది, ఏది మారిస్తే చాలు, ఈ నాలుగూ రాయండి. కరెంటుతో పనిచేసే వస్తువును మాత్రం పెద్దవాళ్లు లేకుండా ముట్టుకోవద్దు. విప్పిన ప్రతి మరనూ డబ్బాలో వేసి, డబ్బామీద నంబరు వెయ్యటం మరిచిపోకండి.